బావ చేసిన ఓజోన్ పెట్టె

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినండి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నిలదీసి లాభం లేదు. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. వాన పడుతోందని నేనంటే మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూసుకున్నాకే ఆరేసిన బట్టలు తీస్తుంది. ఒళ్ళు కాలిపోతోందంటే ముందు థర్మామీటరు తెస్తుంది, తర్వాతే టీ పెడుతుంది. ఉన్నది ఉన్నట్టు రాయడానికి పోలీసు పంచనామాలున్నాయి, దానికి నేనెందుకు?

కానీ ఈ జ్ఞాపకం విషయంలో ఒక చిక్కుంది. ఇందులో మీరు నమ్మలేనివన్నీ దాదాపు జరిగినవే. మీరు చప్పున నమ్మేసేది ఒకటుంది, దాన్ని మాత్రం నేను కల్పించాను. అదేదో చివర్లో నేనే చెబుతాను. మధ్యలో ఆపి అడగొద్దు.

నేనుండేది ఉప్పల్లో. మా అక్క నాచారంలో. ఆమె గొంతు గురించి ముందు చెప్పాలి. నాచారంలో అక్క పాట ఎత్తుకుంటే మల్లాపూర్లో కుక్కర్లు విజిల్ వెయ్యడం మర్చిపోతాయి. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పచ్చగా మారడానికి మొహమాటపడుతుంది. సరే, సగం తీసేయండి. వాళ్ళ అపార్టుమెంటు కింద పార్కింగులో ఆమె మైకు లేకుండా పాడితే డాబా మీద నిలబడ్డవాడికి ఒక్క మాట పొల్లుపోకుండా వినబడుతుంది. ఈ ముక్క తూకం వేసి చెబుతున్నాను.

బతుకమ్మ రోజుల్లో పూలు పేర్చి మధ్యలో పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడవాళ్ళలో ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు వంత అందుకోవాలి. అక్కడ ఎత్తుకునేది ఎప్పుడూ మా అక్కే. ఆ ఏడాది కమిటీవాళ్ళకి డీజే మీద మనసు పోయింది.

"అందరు పెడుతున్నరు అక్కా. పక్క అపార్ట్‌మెంటోళ్ళు పెట్టిన డబ్బాలకు మన కిటికీలు ఊగినయ్. మనది జర సప్పగ అయితుంది" అన్నాడు కమిటీ ప్రెసిడెంటు.

"నా గొంతు ఉన్నన్ని దినాలు డబ్బా ఎందుకయ్యా?" అంది అక్క. "సద్దుల నాడు నేను పాడకపోతే గప్పుడు పెట్టుకోన్రి. నేనే వచ్చి స్విచ్ ఏస్త."

ప్రెసిడెంటు సరేనన్నాడు. చివరి రోజున, అంటే సద్దుల బతుకమ్మ నాడు, అక్క పాడితే పాట, పాడకపోతే డీజే. ఆమె అంత ధీమాగా మాట ఇవ్వడం, ఆమెకు దగ్గు పట్టుకోవడం కాస్త వెనకా ముందూగా జరిగాయి. ఆ దగ్గు సంగతి తెలియాలంటే మా బావ సంగతి తెలియాలి.

బావది గోదావరి జిల్లా. ఇక్కడి ప్రభుత్వరంగ సంస్థలో ఇంజనీరుగా వచ్చి, మా ఇంటి అల్లుడై, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. ఇన్నేళ్ళున్నా ఆయన నోట్లో మా భాష ఒక్క ముక్క కుదురుకోలేదు. "గట్ల" అనబోయి ఆయన నవ్వుతాడు, మేం ఏడుస్తాం. మంచివాడు. ఆయనకు ఒకటే జబ్బు. దాని పేరు మార్జిన్. ఏది చేసినా అవసరమైన బలానికి మూడింతలు బలం పెట్టి చెయ్యాలి. సర్వీసులో అలా చేసి చేసి చేతికి అదే పట్టుబడింది. వాళ్ళింట్లో పోపుడబ్బా పెట్టుకోవడానికి ఆయన బిగించిన అల్మారా మీద గేదెను నిలబెట్టి పాలు పితకొచ్చు. స్నానాల గదిలో కూర్చునే స్టూలు ఆర్టీసీ బస్సుకు జాకీగా పనికొస్తుంది. ఆయన కొట్టిన మేకును పీకడానికి మనిషిని పిలిస్తే వాడు గోడను పీకడం తేలికన్నాడు.

ఇక నాచారం గాలి. పగలంతా మర్యాదగానే ఉంటుంది. పొద్దు వాలిందంటే వాసన బయల్దేరుతుంది. ఒకరోజు మందుబిళ్ళలు ఉడకబెట్టినట్టు, ఒకరోజు ప్లాస్టిక్ బక్కెట్టును పోపు వేసినట్టు, ఇంకోరోజు ఏ రోజుకీ చెందని వాసన. అది ఎక్కణ్ణించి వస్తుందో ఎవరూ చెప్పలేరు. చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో ఏ షెడ్డువాణ్ణి అడిగినా పక్క షెడ్డు వైపు చెయ్యి చూపిస్తాడు. అలా చూపించుకుంటూ పోతే వాసన చివరికి చర్లపల్లి జైల్లో తేలుతుంది. మా బావ రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి, ముక్కు పైకెత్తి, ఈ గాలిని ఎలా మరమ్మతు చెయ్యాలా అని చూసేవాడు.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు ఒక పిడుగుల రాత్రి తెల్లారాక ఆయనకు ఆలోచన తట్టింది. నేను ఆ పొద్దున వాళ్ళింటికి వెళ్ళేసరికి గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"బావమరిదీ, గాలి పీల్చు."

పీల్చాను.

"ఎలా ఉంది?"

"గాలి లెక్కనే ఉంది బావా."

"కడిగేసినట్టు లేదూ? అది ఓజోనోయ్! మెరుపు మెరిస్తే పుడుతుంది. పైన ఆకాశంలో ఎండ దెబ్బ తగలకుండా భూమికి గొడుగు పట్టేది అదే. నీళ్ళు శుభ్రం చెయ్యడానికి వాడతారు, క్రిముల్ని చంపడానికి వాడతారు. భూమినంతటినీ కాపాడేది నాచారంలో ఒక్క ఫ్లాటును కాపాడలేదా?"

ఆయన దగ్గర అప్పటికే సామాను ఉంది. ఇంట్లోనే మెరుపు పుట్టించడానికి పాత సామాన్ల షాపులోంచి ఒక నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. మిగతావి ఎక్కడెక్కడివో తెచ్చి, అక్క పెళ్ళినాటి ట్రంకుపెట్టెలో బిగించి, ముందు ఒక ఫ్యాను, పక్కన జోరు పెంచే నాబు ఒకటి పెట్టాడు. మార్కెట్లో దొరికే చిన్న మిషన్లు ఆయనకు ఆనలేదు. "బొమ్మలోయ్ అవి" అన్నాడు. మా అక్క పడకగది ఎంతుందో కొలిచి, మూడింతలు మార్జిన్ వేసి కట్టాడు. అంటే ఆ పెట్టె ఒక కల్యాణమండపానికి సరిపోతుంది.

పెట్టె ఆన్ చేసిన సాయంత్రం నేనూ ఉన్నాను. లోపల ఊదారంగు వెలుగు, తేనెతుట్టె కదిలినట్టు రొద. ఒక్క నిమిషంలో గదంతా ఘాటు వాసన. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందండీ గిది? జిరాక్స్ షాపు లెక్క వాసనొస్తున్నది."

"అదే శుభ్రమైన గాలి వాసన. పిడుగు పడ్డాక ఇలాగే ఉంటుంది."

"పిడుగును ఇంట్లకెవరు తెచ్చుకుంటరండీ?"

ఆ మాటకు పెట్టే జవాబు చెప్పింది: కాసేపటికి నాచారం వాసన మాయమైంది. నిజంగానే మాయమైంది. ఉడికిన బిళ్ళలు లేవు, పోపు వేసిన బక్కెట్టు లేదు. ఆ అద్భుతం చూడ్డానికి అపార్టుమెంటంతా వరస కట్టింది. కిందింటామె కూడా వచ్చింది. ఆమె జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలోనే ఒక బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. బతుకమ్మ నాడు అక్క పక్కనే నిలబడి వంత పాడుతుంది, అదీ శ్రుతికి మూరెడు దూరంలో. ఆమె గదంతా కలియజూసి, "అన్నా, మా ఇంట్ల గూడ గిసుంటిదొకటి పెట్టరాదే" అంది. బావ ఆ మాటకు పొంగిపోయి మర్నాడు రెండు పూటలా ఉప్మాయే తిన్నాడు, ఏం తింటున్నాడో చూసుకోలేదు.

తర్వాత ఆ ఇంట్లో విచిత్రాలు మొదలయ్యాయి. మొదట రబ్బరు బ్యాండ్లు. పప్పు ప్యాకెట్టుకు వేసిన బ్యాండు ముట్టుకుంటే ముక్కలైపోయేది. ఆ తర్వాత బావ పైజామా. ఆయన ఇంట్లో ఎలాస్టిక్ పైజామాలు వేసుకుంటాడు, అవన్నీ ఆ గదిలోనే కొక్కేలకు వేలాడుతుంటాయి. ఒక ఆదివారం అపార్టుమెంటు మీటింగులో నీళ్ళ ట్యాంకరు గురించి ఆయన లేచి గంభీరంగా మాట్లాడుతుండగా, నడుము దగ్గర టప్ మని చప్పుడు. ఎలాస్టిక్ తెగింది. ఆయన ఒక చేత్తో పైజామా, ఇంకో చేత్తో ట్యాంకరు బిల్లు పట్టుకుని, ఉపన్యాసం ఆపకుండా మెట్ల దాకా వెనక్కి నడిచి వెళ్ళాడు. అంత హుందాగా వెనక్కి తగ్గిన సైన్యం చరిత్రలో లేదు.

"ఈ కాలం ఎలాస్టిక్ నాసిరకం" అని తేల్చాడు.

కిటికీ దగ్గర సీసాలో పెంచుకున్న మనీప్లాంటు ఆకుల మీద ఎవరో గుండుసూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. "తెగులు" అన్నాడు. ఇంతలో ఆ ఘాటు వాసన తగ్గిపోయిందని ఆయనకే అనుమానం వచ్చింది. పెట్టె సరిగా పనిచెయ్యడం లేదేమోనని నాబు కొంచెం తిప్పాడు. ఆ గాలికి ముక్కే మొద్దుబారిపోతుందని ఆయనకు అప్పుడు తోచలేదు. బయటినుంచి వచ్చే నాకు మాత్రం గుమ్మంలోనే కళ్ళు మండేవి. ఉల్లిపాయలు కోస్తున్నారేమో అనుకునేవాణ్ణి. ఏ కూర వండినా ఉల్లిపాయ లేకపోవడం చూసి కూడా అదే అనుకునేవాణ్ణి.

ఇక అక్క దగ్గు. మొదట పొడిదగ్గు, పొద్దున లేవగానే. తర్వాత గొంతులో గరగర, ఛాతీ పట్టేసినట్టు ఉండటం. వినాయక చవితి నాటికి ఆమె పాట పై మెట్టు ఎక్కబోతే గొంతు చిట్లేది. బతుకమ్మ ముందుందన్న సంగతి ఆమెకు గుర్తుంది, మాకూ గుర్తుంది. డీజే బుక్ చేసుకోవాలా వద్దా అని ప్రెసిడెంటు మెట్ల దగ్గర పలకరించిపోతుండేవాడు.

"ఎట్లుంది అక్కా గొంతు?"

"నా గొంతుకేమైందయ్యా? నీ డబ్బా పైసలు నువ్వు దాచిపెట్టుకో" అనేది. అని, ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని దగ్గేది.

దవాఖానాకు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ నాలుక మీద పుల్ల పెట్టి, టార్చి వేసి, గొంతు ఎర్రగా కమిలిందంది. ఐస్‌క్రీమా, పెరుగా, దుమ్మా అని అడిగింది. అక్క మూడూ కాదంది. ఎక్కడుంటారని అడిగింది. నాచారం అనగానే డాక్టరమ్మ తలాడించి, బయటి గాలి పడటం లేదేమో, సాయంత్రాలు కిటికీలు మూసుకోండి అంది. ఇంట్లో ట్రంకుపెట్టె ఏదైనా మెరుస్తూ ఉంటుందా అని ఏ డాక్టరు మాత్రం అడుగుతారు!

బావకు అది హైకోర్టు తీర్పు. ఇంటికొచ్చి కిటికీలన్నీ మూసి, సందుల్లో పాత పేపర్లు కుక్కి, నాబు ఇంకొంచెం తిప్పాడు. రాత్రిళ్ళు లేచి అక్కకు మిరియాల పాలు కాచి ఇచ్చేవాడు. ఇచ్చి, వెళ్తూ వెళ్తూ పెట్టె ఫ్యాను ఆమె తలవైపు తిప్పేవాడు. ఇక్కడ నేనేమీ పెంచి చెప్పడం లేదు.

ఒకసారి మా మేనత్త కూతురింట్లో పూజ ఉంటే అక్క కీసర వెళ్ళి కొన్ని రోజులు ఉండి వచ్చింది. తిరిగొచ్చిన పూట ఆమె గొంతు గంటలా మోగింది. వంటింట్లో నిలబడి ఒక పాట మొత్తం పాడింది. బావ ఆనందం చూడాలి.

"చూశావుటోయ్! కీసర గాలి! అంటే ఏవిటి? ఈ నాచారం గాలి ఎంత పాడో రుజువైంది కదా! మనం పోరాటం పెంచాలి."

నాబు చివరిదాకా తిరిగింది.

సద్దులకు ముందు రోజు పూల కోసం నేను స్కూటరేసుకుని అన్నోజిగూడ వైపు వెళ్ళాను. ఉప్పల్ దాటింది మొదలు ఆ రోడ్డు దుమ్మంతా మింగి, ప్లాట్ల మధ్య ఇంకా రాళ్ళు పాతని జాగాల్లో గునుగు, తంగేడు కోసుకున్నాను. గునుగు అంటే వెండి కంకిలా ఉండే పువ్వు. స్కూటరు మీద ఎంత తెచ్చానంటే వెనకాల వచ్చే కార్లవాళ్ళు చేను కదిలి వెళ్తోందనుకుని పక్కకు తప్పుకున్నారు. అక్క, కిందింటామె కూర్చుని ఆ కంకుల్ని కట్టలు కట్టి, కొసలు రంగునీళ్ళల్లో ముంచారు. గులాబీ, నీలం, ఆకుపచ్చ. అక్క పెద్దగా మాట్లాడటం లేదు. గొంతును రేపటికి దాచుకుంటోంది. చేతులతోనే సైగలు.

"అక్కా, రేపటికి జర తేరుకుంటదా?" అని కిందింటామె అడిగింది.

అక్క వేలు పైకెత్తి దేవుణ్ణి చూపించింది.

"నువ్వు ఎత్తుకోకపోతే ఆ డబ్బాలకు నేను ఆడ అక్కా. ఇంటికొచ్చి పండుకుంట."

రంగులేసిన కట్టలన్నీ పడకగదిలో పరిచారు. ఆ గది మూసి ఉంటుంది, చల్లగా ఉంటుంది. మంచం మీదా కిందా అంతా పూలే కాబట్టి అక్కాబావలు హాల్లో పడుకున్నారు. తలుపు వేసే ముందు బావ పెట్టె పూర్తిగా ఆన్ చేశాడు. పురుగు పట్టకుండా పూలు తాజాగా ఉంటాయట.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అందరూ ఆ గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపల గులాబీ లేదు, నీలం లేదు. పూలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆకుపచ్చవి మాత్రం కడిగిన కంచంలో మిగిలిన చారులా కాస్త మరకగా కనిపించాయి. తేమతో ఉన్న పూలమీంచి ఒక్క రాత్రిలో రంగు లేచిపోయింది.

కిందింటామె ముందు తేరుకుంది. "రంగుల కల్తీ అన్నా! ఆ షాపోడు మోసం జేసిండు. నడువున్రి, వోయి అడుగుదాం!"

బావ లోపలికి వెళ్ళి ఒక కట్ట తీశాడు. దారం తెంపి విప్పాడు. పైన ఉన్న కంకులు తెల్లవి. గాలి సోకని లోపలి కంకులు మాత్రం నిన్నటి గులాబీ రంగులో భద్రంగా ఉన్నాయి. ఇంకో కట్ట విప్పాడు. అదీ అంతే. పూలగుట్టలో అన్నిటికంటే అడుగున పడ్డ కట్టను లాగాడు. దానికి రంగు పోలేదు.

"కల్తీ కాదమ్మా" అన్నాడు. "బ్లీచింగు. నేనే చేశాను."

ఆయన ఆ కట్ట చేత్తో పట్టుకుని పెట్టె వంక చూశాడు, మనీప్లాంటు వంక చూశాడు, నడుము తడుముకున్నాడు. తర్వాత అక్క గొంతు వంక చూశాడు. నేను బావను చాలా రకాలుగా చూశాను కానీ, లెక్క అలా ముఖం మీద తేలడం ఎప్పుడూ చూడలేదు.

"పువ్వుకి ఒక్క రాత్రి పట్టింది" అన్నాడు. "నిన్ను అన్ని రాత్రులు..."

అక్క అతి కష్టం మీద గొంతు పెగల్చుకుంది. గరగరమంటూనే వచ్చింది మాట.

"నేను దగ్గుతుంటే కనబడలే. పువ్వు తెల్లగైతే కనబడ్డదా?"

బావ వెళ్ళి ప్లగ్గు పీకాడు. నాబు తిప్పి ఆపొచ్చు కదా, అలా కాదు, వైరుతో సహా పీకాడు. తర్వాత కిటికీల దగ్గరికెళ్ళి సందుల్లో కుక్కిన పేపర్లు లాగడం మొదలుపెట్టాడు. ఆయన కుక్కినవి కదా, ఊడి రావు. నేనూ, కిందింటామె కూడా పట్టి లాగాం. చివరికి తలుపులు తెరుచుకుని నాచారం గాలి లోపలికి వచ్చింది. పొద్దున పూట కాబట్టి మర్యాదగానే వచ్చింది.

ఆ తర్వాత బావ నాకు చెప్పింది నేను ఎన్నో పెళ్ళిళ్ళలో నా సొంత తెలివిలా చెప్పుకున్నాను. మనం పీల్చే ఆక్సిజన్‌లో పరమాణువులు జంటలుగా ఉంటాయి. ఓజోన్‌లో మూడు. స్కూటరు మీద ముగ్గురెక్కినట్టు. ఆ మూడోవాడు కుదురుగా కూర్చోలేడు, ఎప్పుడు జారి ఎవరి మీద పడదామా అని చూస్తుంటాడు. వాసన ఎదురైతే వాసన మీద పడతాడు, అది విరిగిపోతుంది. మనం శుభ్రమైందంటాం. క్రిమి ఎదురైతే క్రిమి చస్తుంది. రంగు ఎదురైతే రంగు పోతుంది, రబ్బరైతే పగులుతుంది, ఆకైతే చుక్కలు పడుతుంది. గొంతు, ఊపిరితిత్తుల లోపలి తడి చర్మం ఎదురైతే దాన్నీ కమలబెడతాడు. ఎదురైంది మంచిదా చెడ్డదా అని వాడు అడగడు. ఆక్సీకరణులు, అంటే ఇలా ఎదురైనదాని మీద పడే రసాయనాలు, అన్నీ ఆ తీరువే: బాత్రూముల్లో వేసే బ్లీచింగ్ పౌడరు, బావుల్లో కలిపే పర్మాంగనేటు. కొలిచి వాడితే ఊరు బాగుపడుతుంది, మార్జిన్ వేసి వాడితే ఇల్లు పాడవుతుంది.

"పైన ఉంటే గొడుగు బావా, కింద ఎందుకు గిట్ల?" అని అడిగాను.

"పైన దాన్ని పీల్చేవాడెవడూ లేడు కాబట్టి" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది నాకు ఇప్పటికీ ఉప్పల్ రింగురోడ్డు మీద ఎర్రటి ఎండలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా గుర్తొస్తుంది. బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ మీద ఎండ కాస్తే నేల మీద కూడా ఓజోనే తయారవుతుందట. అది చేల మీద ఆకుల్ని కూడా మాడుస్తుందట. "అంటే ఊరు పగలంతా బయట ఉచితంగా చేస్తున్నదాన్ని, నేను కరెంటు పెట్టి ఇంట్లో చేశాను" అన్నాడు. అంత సేపటిలో ఆయన వేసిన జోకు అదొక్కటే.

రంగు మళ్ళీ వేసి ఆరబెట్టే వ్యవధి లేదు. కిందింటామె కట్టలు ఏరుతూ, "తెల్లగనే పేర్చుదాం అక్కా. గునుగు ఉట్టిగ తెల్లగనే కద ఉండేది. తంగేడు పచ్చగ అడుగున పెడితే మస్తుంటది" అంది. పేర్చారు. మధ్యాహ్నానికి తెలుపు, పసుపు వరసలతో బతుకమ్మ లేచింది. కమిటీవాళ్ళు పార్కింగు మూలకు డీజే డబ్బాలు తెచ్చి దించారు. వాళ్ళ జాగ్రత్త వాళ్ళది.

పొద్దు వాలాక ఆడవాళ్ళు వలయం కట్టారు. అక్క ముందు నిలబడింది. మొదటి మాటకు గొంతు చిట్లింది. రెండోసారి ఎత్తుకుంది. ఈసారి పాట లేచింది. మెల్లగా, బొంగురుగా మొదలై, మూడో చుట్టుకు పాత గొంతు వచ్చేసింది. పై మెట్టు కూడా ఎక్కింది. డాబా మీద బట్టలు ఊగాయి, ఉప్పల్ మెట్రో స్టేషన్లో రైలు తలుపులు మూసుకోకుండా విన్నాయి, ప్రెసిడెంటు తనంతట తనే వచ్చి డబ్బాల వైర్లు చుట్టేశాడు. బావ మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

మీరు ఇంతవరకూ నమ్మే ఉంటారు. మెట్రో రైలును తీసేసి మిగతాది నమ్మే ఉంటారు. నేను కల్పించింది ఇదే.

పైజామా తెగడం నిజం, పూలు తెల్లబడటం నిజం, ఫ్యాను తలవైపు తిప్పడం నిజం. అక్క పాడటం అబద్ధం. ఆమె రెండుసార్లు ఎత్తుకుంది, రెండుసార్లూ గాలి తప్ప మాట రాలేదు. వలయం ఆగిపోయింది. మాట మాటే కాబట్టి అక్క తనే డబ్బాల వైపు రెండడుగులు వేసింది. స్విచ్ తనే వేస్తానంది కదా. ఆ లోపు మా బావ వెళ్ళి డీజే డబ్బా మీద కూర్చున్నాడు. స్విచ్ ఉన్న చోట కూర్చున్నాడు, అంతే. ఆయన బిగించిన సామాను ఎలా కదలదో మీకు చెప్పాను, ఆయనా అలాగే కూర్చున్నాడు.

"సార్, జర లెవ్వున్రి" అన్నాడు ప్రెసిడెంటు.

"లేవను" అన్నాడు బావ.

అప్పుడు కిందింటామె పాట ఎత్తుకుంది. సన్నటి గొంతు. శ్రుతి ఎక్కడుందో ఆమెకు తెలియదు, శ్రుతికి ఆమె ఎక్కడుందో తెలియదు. రెండో చరణంలో మాటలు మర్చిపోయింది. అక్క ఆమె ఎదురుగా వచ్చి, చప్పట్లు కొడుతూ, పెదాలు కదిలించి మాటలు అందించింది. వెనక్కి నడుస్తూ, ఆమె ముఖం వదలకుండా, వలయం పొడుగునా అలాగే తిరిగింది. చివరి పాట దాకా అలాగే సాగింది. డబ్బా మోగలేదు.

అక్క గొంతు దీపావళి దాటాక నెమ్మదిగా కూడుకుంది. ఒక పొద్దున బియ్యం కడుగుతూ కూనిరాగం తీస్తుంటే హాల్లో బావ టీవీ ఆపేసి కదలకుండా కూర్చున్నాడు. పై మెట్టు ఇంకా పూర్తిగా రాలేదు. దాని దగ్గరికి వచ్చేసరికి అక్క చెయ్యి ఎత్తుతుంది, అక్కడ కిందింటామె అందుకుంటుంది.

అక్క పాడినట్టుగా రాసిన కాగితాల్ని నేను ఆమెకు చదివి వినిపించాను. సంతోషపడుతుందనుకున్నాను. మెట్రో రైలు దగ్గర నవ్వింది కూడా. చివరికొచ్చాక మాత్రం ముందున్న కత్తిపీటను పక్కకు జరిపింది.

"మంచిగనే రాసినవ్ తమ్మీ. కానీ నేను పాడిన్నని రాస్తే, ఆమె పాడింది ఏడికి వోవాలెరా?"

ఆ సాయంత్రం పాడింది కిందింటామె. దిద్దుకోండి.